మా మరదలి పొట్టి సైకిలు

మా మరదలికి పిచ్చి పట్టిందని ఇంట్లో మొదట అన్నది నేనే. చాటుగా కాదు, మొహం మీదే అన్నాను. నలభై దాటిన మనిషి, రోజంతా బల్ల దగ్గర నిలబడి ప్యాంట్లు కత్తిరించే మనిషి, తెల్లారకముందే లేచి ఈతకొలనుకి పోతానంటే ఇంకేమంటారు? అదీ ఊరికే ఈత కాదు. ముందు ఈత కొట్టాలట, నీళ్ళలోంచి లేచి తడి ఒంటితోనే సైకిలెక్కి తొక్కాలట, సైకిలు దిగి మళ్ళీ పరిగెత్తాలట. మధ్యలో కాసేపు కూర్చుని కబుర్లు చెప్పుకోవడాలేవీ లేవు. దాని పేరు ట్రయాథ్లాన్. "వెనకాల ఎవరైనా తరుముతున్నారా?" అని అడిగాను. "తరిమితే ఇంకా బాగా పరిగెత్తేదాన్ని వదినా" అంది.

మాది చిన్న కుట్టు దుకాణం. ముందు గదిలో నా మిషనూ ఇస్త్రీ బల్లా, వెనక గదిలో కిటికీ పక్కన ఆమె కత్తిరించే బల్ల. ఫ్యాక్టరీలకీ బడులకీ యూనిఫాంలు కుడతాం. నేను మా తమ్ముడికన్నా పెద్దదాన్ని, ఈమెకి ఆడపడుచుని, పైగా దుకాణం నాది. పెత్తనం చెయ్యడానికి నాకు మూడు రకాల హక్కులున్నాయి, మూడూ వాడతాను. ఆమె బల్ల దగ్గర మాత్రం నోరు మూసుకుంటాను. ఆమె సుద్దతో గీసిన గీత మీద కత్తెర దానంతటదే నడుస్తుంది. ఆమె కత్తిరించిన ప్యాంటు సరిపోలేదని ఎవరూ తిరిగి తెచ్చింది లేదు.

ఈతకొలనులో చేరింది నడుం నొప్పి తగ్గుతుందని. అక్కడికొచ్చే ఆడవాళ్ళెవరో ఈ పందెం సంగతి చెవిన వేశారు. ఇంక అంతే, పట్టిన పట్టు విడిచే రకం కాదు మా మరదలు. రెండుసార్లు వెళ్ళింది. రెండుసార్లూ ఈత బాగానే అయింది, సైకిలు దగ్గరే వచ్చింది తంటా. కుట్టిన బట్టలు ఇచ్చి రావడానికి కొన్న మా దుకాణం సైకిలది. ముందు బుట్ట, వెనక క్యారియరు, ఎత్తి చూస్తే ఇంచుమించు నా అంత బరువు. నా బరువు గురించి నేను అనుకుంటే తప్పులేదు. ఆ పందెంలో ఒక నియమం ఉంది. పెట్టిన గడువులోగా సైకిలు తెచ్చి స్టాండులో నిలబెట్టకపోతే పరుగుకి వదలరు. దారికి అడ్డంగా తాడు కట్టేస్తారు. రెండుసార్లూ ఈమె వచ్చేసరికి తాడు కట్టేసి ఉంది. రెండోసారి చూడ్డానికి నేనూ వెళ్ళాను. పరుగు జోళ్ళు చేత్తో పట్టుకుని, తాడు ఇవతల నిలబడి, అవతల పరిగెత్తేవాళ్ళని చూస్తూ ఉండిపోయింది.

"ఒక్కసారి మూడూ పూర్తి చేస్తే చాలు వదినా. మళ్ళీ ఈ ఊసెత్తను" అంది దారిలో. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆమె మీద కాదు, ఆ తాడు మీద.

ఆ తర్వాత కొన్నాళ్ళకి బల్ల అంచున పెట్టిన గ్లాసులు కిందపడి పగలడం మొదలైంది. ఎదురుగా ఉన్నవి మా మరదలికి బాగానే కనిపించేవి. సూదిలో దారం నాకన్నా ముందు ఎక్కించేది. పక్కన ఉన్నవే తగిలేవి. గుమ్మం, స్టూలు, చివరికి నేను. "ఇంత లావు మనిషిని, నేను కూడా ఆననా నీ కంటికి?" అని ఆట పట్టించాను. ఎప్పుడూ నా మాటకి నవ్వే మనిషి ఆ రోజు నవ్వలేదు.

కంటి డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. చీకటి గదిలో తెల్లటి గిన్నె లాంటిదానిలో తల పెట్టించి, చేతికి ఒక మీట ఇచ్చారు. లోపల చుక్కల్లా దీపాలు వెలుగుతుంటాయి, కనిపించినప్పుడల్లా మీట నొక్కాలి. పరీక్ష చేసే ఆవిడ ముందున్న తెర నాకు పక్క నుంచి కనిపిస్తోంది. అంచున చుక్క వెలిగింది, మీట చప్పుడు కాలేదు. ఇంకో అంచున వెలిగింది, అప్పుడూ కాలేదు. నొక్కవే, నొక్కవే అని లోలోపల బతిమాలుకున్నాను. చుక్క బాగా మధ్యకి వచ్చాక గానీ టక్కుమని వినిపించలేదు.

డాక్టరు మంచావిడ, దాచిపెట్టకుండా చెప్పింది. కంటి లోపలి పొర అంచుల నుంచి పాడవుతూ వస్తోందట. ఆపడానికి మందు లేదట. మధ్య చూపు చాలాకాలం నిలుస్తుంది, పక్క చూపు పోతుంది, గొట్టంలోంచి చూసినట్టు అవుతుంది. పొద్దు వాలాక సైకిలు ముట్టుకోవద్దంది. వచ్చే ఏడాదికి అసలే వద్దంది. మా మరదలు అంతా విని, "ఈ ఏడు పందెం ఉందండీ. పగటిపూటే. రోడ్డు మూసేస్తారు, వేరే బళ్ళు రావు" అంది. డాక్టరు పందెంవాళ్ళకి ఇవ్వాల్సిన కాగితం ముందుకి లాక్కుంది. "ఈ ఒక్కసారికే. తర్వాత మళ్ళీ నన్ను అడక్కూడదు" అని సంతకం పెట్టింది.

మా తమ్ముడు ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేస్తాడు. మాట తక్కువ, భయం ఎక్కువ. ఆ రోజు భోజనాల దగ్గర మరదలు కొత్త సైకిలు కొంటానని చెప్పేసరికి వాడి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"కళ్ళు పోతున్నాయంటుంటే సైకిలు కొంటానంటావేంటి?"

"పోతున్నాయి కాబట్టే."

"ఒక్క రోజు కోసమా?"

"ఒక్క రోజు కోసమే."

వాడు కంచం ముందు నుంచి లేచిపోయాడు. నేను నెత్తీ నోరూ బాదుకున్నాను. రేపు బల్ల దగ్గర నిలబడలేని రోజు వస్తే చేతిలో నాలుగు రాళ్ళు ఉండొద్దా అన్నాను. "ఆ రోజు ఎలాగూ వస్తుంది వదినా" అంది. "అప్పుడు ఇంట్లో కూర్చుని ఏం తలుచుకోమంటావు? తాడు ఇవతల నిలబడ్డదేనా?"  జవాబు లేనప్పుడు నాకు కోపం వస్తుంది. ఆ కోపంలోనే "సరే పద, ఎక్కడ అమ్ముతారో చూద్దాం" అన్నాను.

ఊళ్ళో ఉన్న సైకిలు షాపులన్నీ తిరిగాం. ఈ పందేలకి కావలసింది రోడ్డు బైకు అంటారు. సన్నటి టైర్లు, పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంపు తిరిగిన హ్యాండిలు, బెల్లు కూడా ఉండదు. షాపువాళ్ళు అల్యూమినియం అన్నారు, కార్బన్ అన్నారు, బ్రేకుల్లో రకాలు చెప్పారు. నాకు అర్థమైంది ఒక్కటే, బరువు తగ్గేకొద్దీ ధర పెరుగుతుంది. మా దుకాణంలో గుడ్డ తగ్గితే ధర తగ్గిస్తాం. మొదటి షాపులో అమ్మేవాడు ఒక సైకిలుని రెండు వేళ్ళతో పైకెత్తి చూపించి, "ఎంతలో చూస్తున్నారు మేడం?" అన్నాడు. మరదలు చెప్పింది. అతను సైకిలుని మెల్లగా కింద పెట్టి పిల్లల సైకిళ్ళ వైపు చూశాడు. నేను అతని మీద ఒంటికాలి మీద లేచాను. మరదలు నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

ఇంకో షాపులో ఒకటి ఆమెకి కుట్టించినట్టే కుదిరింది. ఎక్కి కూర్చుని, నడుం వంచి, కొమ్ముల మీద చేతులు వేసి అద్దంలో చూసుకుంది. కొనలేమని తెలిసీ కోటు ఒకసారి తొడుక్కుని చూసుకునేవాళ్ళు మా దుకాణానికి కూడా వస్తారు. వాళ్ళని తొందరపెట్టకూడదు. నేను వేరే వైపు తిరిగి నిలబడ్డాను. కాసేపటికి దిగి, సీటుని అరచేత్తో తుడిచి, "బాగుందండీ" అని ఇచ్చేసింది. వాడేసిన సైకిళ్ళు కూడా చూశాం. ఒకదానికి రంగు కింద పగులు. ఇంకోటి తాటిచెట్టంత మనిషిది. పందెం దగ్గర పడుతోంది, చేతిలో ఉన్నది ఎక్కడా సరిపోవడం లేదు. దుకాణం కట్టేశాక కూడా ఆమె పాత ప్యాంట్లకి కింది మడతలు కుడుతూ కూర్చునేది. "ఉన్న కళ్ళు కాస్తా ఇక్కడే పోగొట్టుకో" అని తిట్టేదాన్ని, తిడుతూనే సగం ప్యాంట్లు నా ముందుకి లాక్కునేదాన్ని.

అలాంటప్పుడు వేరే ఊళ్ళో ఒక గోడౌను వాళ్ళు పాత మోడళ్ళు అయినకాడికి వదిలించుకుంటున్నారని తెలిసింది. ఫోను చేశాం. రోడ్డు బైకులు రెండు సైజుల్లో ఒక్కొక్కటే మిగిలాయన్నాడు. ధర మాకు అందేలా ఉంది. ఒకసారి అమ్మితే తిరిగి తీసుకోము, మార్చము అని కూడా చెప్పాడు. "మీ కాలు లోపలి కొలత ఎంతమ్మా?" అని అడిగాడు. కుట్టుపనివాళ్ళని అడగాల్సిన ప్రశ్నే! మరదలు మెడలో వేలాడుతున్న టేపు తీసి, కాలికి పట్టుకుని, గుక్క తిప్పుకోకుండా అంకె చెప్పింది. "అయితే చిన్నది సరిపోతుంది" అన్నాడతను. నాకు గర్వంగా కూడా అనిపించింది.

సైకిలు పెద్ద అట్టపెట్టెలో వచ్చింది. మా వీధి చివర రిపేరు షాపాయన ఉన్నాడు. ఏ పని చేసినా ఏదో ఒకటి గొణుక్కుంటూ చేస్తాడు కాబట్టి మేము గొణుగుడాయన అంటాం. గొణుక్కుంటూనే అన్నీ బిగించి నిలబెట్టాడు. బూడిదరంగు, ముచ్చటగా ఉంది. మరదలు ఎక్కి రెండుసార్లు తొక్కిందో లేదో, మోకాళ్ళు గుండెల దాకా వచ్చాయి. చంటిపిల్లల సైకిలెక్కిన పెద్దమనిషిలా ఉందని నాకు నవ్వొచ్చింది. ఆమె మొహం చూశాక ఆపుకున్నాను.

"ఇది మీ సైజు కాదమ్మా" అన్నాడు గొణుగుడాయన. "కొలత ఎవరిచ్చారు?"

ఆమె సైకిలు అక్కడే వదిలేసి గబగబా దుకాణంలోకి నడిచింది. దారిలో గుమ్మం భుజానికి కొట్టుకున్నా ఆగలేదు. నేను వెనకాలే వెళ్ళేసరికి ఆ వారం కత్తిరించిన గుడ్డలన్నీ బల్ల మీద పోసి, ఒక్కొక్కటీ టేపుతో మళ్ళీ కొలుస్తోంది. 

"టేపు తప్పు చదివాను వదినా. మధ్య చూపు చాలాకాలం ఉంటుందంది కదా ఆవిడ. అది కూడా పోతోంది. ఇన్ని ప్యాంట్లు కత్తిరించాను, ఎన్ని పాడుచేశానో, ఏమిటో..."

 సైకిలు సంగతి మర్చేపోయాను. ఆ అంకె తప్పు చదివిందంటే పందెం ఒక్కటే కాదు, ఈ బల్లా కత్తెరా కూడా పోయినట్టే. "నువ్వు కొలువు నన్ను" అని టేపు నా చేతిలో పెట్టింది. మోకాళ్ళ మీద కూర్చుని కొలిచాను. ఫోనులో ఆమె చెప్పిన అంకే వచ్చింది. మళ్ళీ కొలిచాను. మళ్ళీ అదే.

"నా కోసం అబద్ధం చెప్పకు వదినా."

"నీకోసం నేనెప్పుడు అబద్ధం చెప్పానే? నిన్ను పిచ్చిదానివని కూడా మొహం మీదే అన్నాను కదా!"

మూడోసారి కొలుస్తుంటే నా బొటనవేలు ఎక్కడ ఆగిందో చూసుకున్నాను. చీలమండ కింద, జోడు మీద ప్యాంటు అంచు పడే చోట. ఏళ్ళ తరబడి వేల కాళ్ళు కొలిచిన వేలు, అక్కడికి వచ్చి దానంతటదే ఆగిపోయింది. ఆమె వేలూ అక్కడే ఆగి ఉంటుంది. గోడౌను వాడికి ఫోను చేసి, కొలత ఎక్కడి దాకా తీస్తారని అడిగాను. "నేల దాకానండీ. చెప్పులు విప్పి, గోడకి ఆనుకుని, పాదం కింద నేల దాకా" అన్నాడు. మా జన్మలో ఏ కాలినీ నేల దాకా కొలవలేదు. అలా కొలిచి కుడితే ప్యాంటు రోడ్డు ఊడుస్తుంది.

ఆ మాట ఆమెకి చెప్పగానే అక్కడే నేల మీద కూలబడిపోయింది. కళ్ళు బాగానే ఉన్నాయి, బుద్ధే పనిలో పాతుకుపోయింది. ఇద్దరం నవ్వాం. నవ్వుతూ నవ్వుతూ ఆమె ఎప్పుడు ఏడుపులోకి దిగిందో నాకు తెలీలేదు. అంత డబ్బు పోసి సరిపోని సైకిలు కొని, అమ్మయ్య అని ఏడ్చినవాళ్ళు మేమే అయ్యుంటాం.

అమ్మయ్య అనుకోవడం ఆ సాయంత్రం వరకే. మర్నాడు గోడౌను వాడిని బతిమాలాను, తిట్టాను, మళ్ళీ బతిమాలాను. పెద్ద సైజుది అప్పటికే అమ్ముడైపోయింది. ఇంకోటి కొనే దారి లేదు. బట్టైతే లోపల మడత వదిలి కుడతాం, అవసరమైతే కుట్టు విప్పి పొడిగిస్తాం. అల్యూమినియంకి మడతెక్కడుంది? గొణుగుడాయన సీటు కింద పొడుగు గొట్టం వేశాడు, హ్యాండిలుని కాస్త ముందుకి జరిపే ముక్క వేశాడు. "తొక్కొచ్చు" అన్నాడు. "కానీ నడుమూ మోకాళ్ళూ ఏడుస్తాయి. ఎక్కువ రోజులు తొక్కితే పాడైపోతాయి."

"ఎక్కువ రోజులు లేవులెండి" అంది మా మరదలు.

సాధనకి ఒంటరిగా పంపడం నాకు ఇష్టం లేదు. ఆ భయం నాకన్నా మా తమ్ముడికి ఎక్కువ. అప్పటిదాకా ఆ సైకిలు వైపు కూడా చూడనివాడు ఒక పొద్దున స్కూటరు తాళం తీసుకుని వచ్చి నిలబడ్డాడు. రోడ్డు పనివాళ్ళ యూనిఫాంలకి వాడగా మిగిలిన నారింజరంగు గుడ్డతో వాడికి చొక్కా కుట్టాను. వాడు ముందు నెమ్మదిగా నడిపేవాడు, ఆ రంగు మీదే చూపు పెట్టి ఈమె వెనకాల తొక్కేది. గుంట వస్తే వాడు చెయ్యి చాపి చూపించేవాడు. తిరిగొచ్చాక మోకాళ్ళకి గుడ్డలు తడిపి కట్టుకుని, మూలుగుతూ బల్ల దగ్గర నిలబడేది. వేగం మాత్రం పెరిగింది. గడువులోగా వచ్చేయగలనని లెక్కలు వేసుకునేది.

ఒక రోజు మా తమ్ముడు ఒక్కడే నా దగ్గరికొచ్చాడు. మిషను పక్కన నిలబడి దారపు రీళ్ళు అటూ ఇటూ సర్దాడు.

"ఇవాళ నేను వెనక్కి తగ్గి, పక్కనే నడిపానక్కా" అన్నాడు చివరికి. "చెయ్యి చాపితే అందేంత దగ్గర. ఈ చొక్కా వేసుకునే ఉన్నాను. పిలిచేదాకా నేనున్నట్టు తనకి తెలీలేదు."

"డాక్టరుకి చెబుదామా?"

"చెబితే ఆపేస్తుంది. ఆపేస్తే తనింక లేవదు. నువ్వే చెప్పు, ఏం చెయ్యను?" అని నా ముందే మొహం రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. నేను వాడి వీపు నిమిరాను. ఇద్దరం ఎవరికీ చెప్పలేదు. అది మంచో చెడో నాకు ఇప్పటికీ తెలీదు.

పందెం రోజు ఎండ బాగా కాసింది, అది ఒక్కటే అదృష్టం. ఈత అయింది. తడి జుట్టుతో పరిగెత్తుకొచ్చి, పొట్టి సైకిలెక్కి వెళ్ళిపోయింది. ఆ రోజు ముందర నారింజ చొక్కా లేదు. నేను స్టాండు పక్కన ఇనుప కడ్డీని పట్టుకుని నిలబడ్డాను. మా తమ్ముడు నిలబడలేక నా వెనకాల అటూ ఇటూ తిరుగుతున్నాడు. సైకిళ్ళు ఒకటొకటిగా వచ్చాయి. గుంపులు గుంపులుగా వచ్చాయి. తర్వాత పలచబడ్డాయి. మా మరదలు లేదు. తాడు చుట్ట పట్టుకుని ఒకాయన వచ్చి ముడి విప్పడం మొదలుపెట్టాడు.

"కాస్త నెమ్మదిగా విప్పు నాయనా" అన్నాను.

"నా చేతుల్లో ఏముందమ్మా?" అన్నాడు.

"తాడు నీ చేతుల్లోనే ఉంది కదయ్యా!" అని అరిచాను. నా పక్కనున్నవాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

అప్పుడు మలుపు తిరిగి వచ్చింది. మోచేతి నుంచి రక్తం కారుతోంది, ఒక పక్కంతా మట్టి. దిగి, కుంటుతూ సైకిలు తోసుకొచ్చి స్టాండులో నిలబెట్టింది. తాడాయన ఇంకా ముడి విప్పుతూనే ఉన్నాడు. గడువులోగా వచ్చేసింది! నేను గొంతు చించుకుని అరిచాను, మా తమ్ముడు నా భుజం పట్టుకుని ఊపేస్తున్నాడు. ఆమె మాత్రం జోళ్ళు తొడుక్కోకుండా, చేత్తో పట్టుకుని, నేరుగా కడ్డీ దగ్గరికి వచ్చింది.

"వదినా, ఒకాయన్ని పడగొట్టేశాను."

"ఎక్కడ? ఎలా?"

"మలుపులో. పక్క నుంచి ముందుకొస్తున్నాడు. నా కంటికి ఎవరూ లేరు వదినా అక్కడ. ఖాళీగానే ఉంది. తిప్పేశాను. ఇద్దరం పడ్డాం. దెబ్బలేం లేవు, లేచి వెళ్ళిపోయాడు. కళ్ళు కనపడవా అని అరిచాడు."

"ఎవరో కోపంలో అంటారులే, దానికి..."

"కనపడవండీ అన్నాను."

 అప్పటిదాకా పక్క చూపు కాస్త తగ్గింది అనేది, సందెవేళ ఇబ్బందిగా ఉంటుంది అనేది. ఆ మాట ఆమె నోట నేను వినడం అదే మొదటిసారి. మా తమ్ముడు నా వెనకాల నేల మీద కూర్చుండిపోయాడు.

"దాన్ని అమ్మెయ్ వదినా" అంది. "ఇంటిదాకా కూడా తొక్కను. ఆయన తల పగిలి ఉంటే? నేను మళ్ళీ ఎక్కను. ఇవాళే అమ్మెయ్." కన్నీళ్ళు మట్టిలో చారలు కడుతున్నాయి.  తాడాయన అటు నుంచి, "అమ్మా, మీరు పరుగుకి వెళ్తున్నారా, లేదా?" అని కేకేశాడు.

దగ్గరికి తీసుకుని ఓదార్చాలనే నాకూ ఉంది. మధ్యలో కడ్డీ ఉంది. నా నోట్లోంచి వచ్చింది మాత్రం తిట్టే.

"ఆ బేరం నేను చూసుకుంటాను. ముందు జోళ్ళు తొడుక్కుని పరిగెత్తవే!"

ఏడుస్తూనే వంగి జోళ్ళు తొడుక్కుంది. ఏడుస్తూనే పరిగెత్తింది, చివరి గీత దాటేదాకా ఏడుస్తూనే ఉంది.